ఎడమ భుజం మీద తువ్వాలు

మా ఎదురు ఫ్లాటు వంటింటి కిటికీ బయట ఒక వెదురు గడ ఉంటుంది. బిషాన్‌లో మా బ్లాకులన్నిటికీ బట్టలు ఆరేది అలాంటి గడల మీదే. రోజూ ఉదయం ఏడింటికి ఆ గడ మీదికి ఒక తెల్ల తువ్వాలు వచ్చేది. మొన్న మంగళవారం రాలేదు. ఏడున్నరకి వాళ్ళమ్మాయి తలుపు కొట్టి, "అంకుల్, నాన్న ఇంక లేడు," అంది. ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చి వారమైనా కాలేదు. నిద్రలోనే పోయాడట.

ఆయన నాకంటే పన్నెండేళ్ళు చిన్న. నా గురించి ఆయన రాయవలసింది, ఆయన గురించి నేను రాస్తున్నాను. వరస తప్పింది. మా ఇద్దరి మధ్యా వరస తప్పిన సంగతి ఇదొక్కటే కాదు కాబట్టి ఆశ్చర్యపోను.

మధ్యాహ్నానికల్లా మా తెలుగువాళ్ళ వాట్సాప్ గుంపు నిండిపోయింది. ఆదర్శ కుటుంబీకుడట. తండ్రులందరికీ స్ఫూర్తి ప్రదాత అట. చేతులు జోడించిన బొమ్మలు, దీపం బొమ్మలు. ఆ రాసినవాళ్ళలో కనీసం నలుగురు ఒకప్పుడు ఆయన్ని "బాలింత" అని పిలిచి నవ్వినవాళ్ళు. ఎవరెవరో నాకు బాగా గుర్తుంది. ఈ వయసులో నాకు మిగిలిన ఆస్తి జ్ఞాపకశక్తి ఒకటే, దాన్ని సాధారణంగా ఇతరుల మీదే ఖర్చు పెడుతుంటాను. అయినా ఈసారి వాళ్ళ పేర్లు రాయను. వాళ్ళు నవ్వారు, అంతే. ఆ పేరు పెట్టింది నేను.

అది రెండు వేల సంవత్సరం ముంచుకొస్తున్న కాలం. కంప్యూటర్లలో సంవత్సరాన్ని రెండంకెలతో రాసుకున్నవాళ్ళందరూ, రెండు సున్నాలు రాగానే లోకం ఆగిపోతుందని హడలెత్తిపోయారు. ఆ రెండంకెల్ని నాలుగంకెలు చేయడానికి మనవాళ్ళని విమానాల నిండా ఎక్కించి ఈ దేశానికి తెచ్చారు. పాయా లేబర్‌లో ఒక భవనం ఐదో అంతస్తులో అలా వచ్చినవాళ్ళు కూర్చునేవారు. నేను వాళ్ళకి మేనేజర్ని. ఆయన అనంతపురం వైపు మనిషి, సన్నగా, తల వంచుకుని పనిచేసుకునేవాడు. ఒకరు రెండు వారాలు తీసుకునే పని వారంలో ముగించి, మిగిలిన వారం పక్కవాడి పని చేసిపెట్టేవాడు. అద్దెకి ఇల్లు దొరక్క తిరుగుతుంటే మా ఎదురు ఫ్లాటు చూపించింది నేనే. ఈ ఒక్క మంచిపనీ ముందుగానే చెప్పేస్తున్నాను, తర్వాత చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు.

ఒకరోజు భోజనాల తర్వాత నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"సార్, నాకు ఒక నెల సెలవు గావల్ల."

"దేనికయ్యా?"

"బిడ్డ పుడతా ఉంది సార్."

"పుట్టేది ఆవిడకి కదా, నీకెందుకు సెలవు?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆయనా కొంచెం నవ్వాడు. "ఇద్దరికీ పుడతాది సార్," అన్నాడు.

ఆ జవాబులోని న్యాయం నాకు ఆరోజు అర్థం కాలేదనను. అర్థమైంది. పని రోజులు లెక్కపెట్టుకుంటున్నాను కాబట్టి పక్కన పెట్టాను.

ఆయన పరిస్థితి ఇదీ. భార్యకి తల్లి లేదు. ఈయన తల్లి పక్షవాతంతో మంచం పట్టి ఉంది. ఊరి నుంచి వచ్చి పురుడు పోసేవాళ్ళు ఎవరూ లేరు. ఆపరేషన్ చేసే కాన్పు చేయాలని డాక్టర్లు ముందే చెప్పారు. ఏడో నెలలో ఆవిడ ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఈయన సెలవులన్నీ అయిపోయాయి. ఇక చట్టం సంగతి. తల్లికి కాన్పు సెలవు ఇవ్వాలని ఆనాటి చట్టంలోనూ ఉంది. తండ్రికి ఒక్కరోజు కూడా లేదు. అతను పుట్టించాడు, అక్కడితో అతని పని అయిపోయిందని చట్టం అనుకున్నట్టుంది. ఉద్యోగం వదిలేద్దామా అంటే, ఇక్కడ ఉండనిచ్చే మా పాసులు ఉద్యోగానికి కట్టినవి. ఉద్యోగం పోతే నెల తిరిగేలోపు దేశం వదలాలి. ఒళ్ళో పసిగుడ్డు, భార్య పొట్ట మీద కుట్లు.

మా పైన ఇంకొకాయన ఉండేవాడు. సెలవు మాట ఆయన చెవిన వేశాను. "ఒకడికి ఇస్తే అందరూ పిల్లల్ని కంటారు," అన్నాడు. ఈమధ్య ఆయన సభల్లో తండ్రుల బాధ్యత గురించి ప్రసంగాలు చేస్తున్నాడని విన్నాను. బాగా మాట్లాడతాడట. ఎప్పుడూ బాగానే మాట్లాడేవాడు.

అప్పుడు మా ఎదురింటాయన తనకి తానే ఒక దారి వెతుక్కున్నాడు. ఆ దారి మనవాళ్ళకి తప్ప ఎవరికీ తోచదు. అంతకు ముందు ఏడాది మా నాన్న పోయినప్పుడు నేను పదమూడు రోజులు ఆఫీసుకి వెళ్ళలేదు. మా కంపెనీలో మతాచారాల కోసం ప్రత్యేక సెలవు ఒకటి ఉండేది. దేనికి ఎన్ని రోజులన్నది సిబ్బంది వ్యవహారాలు చూసే చీనా ఆవిడ నిర్ణయించేది. మాకు మైల అని ఒకటుంటుందనీ, ఆ రోజుల్లో నలుగురిలోకి రాకూడదనీ రాసి ఇచ్చాను. ఆవిడ మారు మాట లేకుండా ఒప్పుకుంది. ఈయన అది గుర్తు పెట్టుకుని దరఖాస్తు రాశాడు. మనిషి పోతే ఎలా మైల ఉంటుందో, బిడ్డ పుట్టినా మా ఇంట్లో అలాగే పురుడు ఉంటుంది, తండ్రికి కూడా పది రోజులు, కనుక ఆ సెలవు నాకూ ఇప్పించండి, అని. అందులో ఒక్క అబద్ధం లేదు.

ఆవిడ నన్ను గదిలోకి పిలిచింది. దరఖాస్తు నా ముందుకి తోసి ఇంగ్లీషులో అడిగింది.

"నువ్వు బాగా చదువుకున్నవాడివి. పోయినప్పుడు ఉన్నట్టే పుట్టినప్పుడూ ఉంటుందంటున్నాడు. నిజమేనా? నువ్వు అవునంటే ఇచ్చేస్తాను."

నేను బాగా చదువుకున్నవాడినే. ధర్మశాస్త్రాలు, వాటి మీద వ్యాఖ్యానాలు, ఆ వ్యాఖ్యానాల మీద తగువులు, అన్నీ చదివాను. ఈ విషయం మీద పాత గ్రంథాల్లో రెండు మాటలున్నాయి. పురుడు పది రోజులు ఇంటివాళ్ళందరికీ ఉంటుందనేది ఒకటి. తండ్రి స్నానం చేస్తే శుద్ధుడవుతాడు, మైల తల్లికే అనేది రెండోది. మా ఇంట్లో, ఆయన ఇంట్లో, నాకు తెలిసిన ప్రతి ఇంట్లో నడిచింది మొదటి మాటే. ఆ వారమే మా పనికి చివరి పరీక్షలు ఉన్నాయి. నేను రెండో మాట ఎంచుకున్నాను.

"మా సంప్రదాయంలో తండ్రి ఒక్క స్నానంతో శుద్ధుడవుతాడు. తర్వాత పనికి రావచ్చు," అని రాసి సంతకం పెట్టాను.

ఆవిడ చదివి, "బాత్ చేస్తే చాలా? అయితే ఓకే లా," అంది, ఇక్కడివాళ్ళు మాట చివర తగిలించే 'లా'తో. పాపం, ఆవిడ ఆశ్చర్యపోయిన మాట నిజం. ఆవిడ తప్పేమీ లేదు. అడగవలసినవాణ్ణే అడిగింది.

మూడు రోజులు ఇచ్చారు. అదీ దయతో. నాలుగో రోజు ఉదయం ఎనిమిదిన్నరకి ఆయన తన కుర్చీలో ఉన్నాడు. చొక్కా ఎడమ భుజం మీద పాల మరక. మధ్యాహ్నం భోజనం వేళకి ట్రైన్‌లో ఇంటికి పరిగెత్తి, మళ్ళీ గంటలో వచ్చేవాడు. ఆరో రోజున ఆవిడ ఒక్కతే బిడ్డకి నీళ్ళు పోద్దామని బకెట్ ఎత్తింది. కుట్టు విడిపోయింది, బకెట్ జారిపడింది. ఆ చప్పుడుకి వెళ్ళింది మా ఆవిడ. అంబులెన్స్ పిలిచిందీ తనే. పుండుకి చీము పట్టి రెండు వారాలు ఆస్పత్రిలో ఉంచారు. అప్పుడిక సెలవు ఇవ్వక తప్పలేదు, ఎందుకంటే ప్రాణం మీదికొచ్చిన భార్యకి తోడుండే సెలవు వేరే ఉంది. ఒళ్ళు బాగున్న తల్లికి తోడుండటానికి సెలవు లేదు. చెడితే ఉంది.

మా ఆవిడ ఆ సాయంత్రం ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటూ, "ఆ అబ్బాయి సెలవు అడిగాడట కదా, మీరేం చెప్పారు?" అంది.

"నా చేతుల్లో ఏముంది?" అన్నాను.

తను చేతులు తుడుచుకుని నావైపు తిరిగింది. మా ఇద్దరు పిల్లలూ గుంటూరులో వాళ్ళ అమ్మమ్మగారి ఇంట్లో పుట్టారు. పెద్దవాణ్ణి నేను మూడో నెలలో చూశాను, రెండోవాణ్ణి ఐదో నెలలో. "మీకేం తెలుస్తుంది లెండి. మీరు చుట్టపుచూపుగా వచ్చినవారు," అంది. అంతకంటే నిజమైన సమీక్ష నా జీవితం మీద ఇంకెవరూ చేయలేదు.

చెప్పవలసింది ఇంకోటి ఉంది. ఆ జనవరి ఒకటో తారీఖున కంప్యూటర్లు ఏవీ ఆగలేదు. మేము సరిచేసినవీ ఆగలేదు, ఎవరూ ముట్టుకోనివీ ఆగలేదు. మేము రాత్రింబగళ్ళు కాపలా కాసింది ఒక దుకాణాల వరస తాలూకు సరుకుల జాబితాకి. ఆ దుకాణాలు మూతపడి కూడా చాలా ఏళ్ళయింది.

ఉగాదికి కమ్యూనిటీ హాల్లో మనవాళ్ళం కలిశాం. ఆయన బిడ్డని ఎత్తుకుని వచ్చాడు. భార్యని ఇంట్లో పడుకోబెట్టి, మా ఆవిణ్ణి తోడుంచి వచ్చాడు. ఎడమ భుజం మీద తెల్ల తువ్వాలు, దాని మీద బిడ్డ. వీపు మీద మూడుసార్లు తట్టి ఒక్కసారి ఆపుతున్నాడు, మళ్ళీ మూడుసార్లు తట్టి ఆపుతున్నాడు. మగవాళ్ళందరం ఒక పక్క నిలబడి ఉన్నాం. ఆయన్ని చూస్తే నాకు లోపల ఏదో గుచ్చుకుంది. గుచ్చుకున్నప్పుడు నేను చేసే పనే చేశాను. "రావయ్యా బాలింతా, పథ్యం బాగా చేస్తున్నావా?" అన్నాను.

హాలు హాలంతా నవ్వింది.

ఆయన తట్టడం ఆపలేదు. "చేస్తా ఉండా సార్. వెల్లుల్లి కారం బలే ఉండాది. మీకూ పంపిస్తాలే," అన్నాడు. మర్నాడు నిజంగానే ఒక సీసా పంపాడు. భార్య కోసం తనే దంచిన బాలింత కారం. మేము నెల రోజులు అన్నంలో కలుపుకు తిన్నాం. ఆ పేరు మాత్రం పదేళ్ళు నడిచింది.

తువ్వాలు ఆయన భుజం దిగలేదు. అమ్మాయి నడిచింది, బడికి వెళ్ళింది, తండ్రి భుజం అందుకునేంత పొడవైంది, అయినా తువ్వాలు అక్కడే. హాకర్ సెంటర్ అనే తిండి దుకాణాల పందిట్లో జనం కాగితం రుమాళ్ళ పొట్లం పెట్టి బల్ల చోప్ చేసుకుంటారు, అంటే ఇది మాది అని ఆపుకుంటారు. ఆయన తువ్వాలు పరిచి ఆపుకునేవాడు. "బాలింత బల్ల అది, ఎవడూ కూర్చోడు," అని మనవాళ్ళు వెక్కిరించేవారు. నిజంగానే ఎవరూ కూర్చునేవారు కాదు.

ఆయనకి ఇంకో అలవాటు ఉండేది. మా బ్లాకులోనూ పక్క బ్లాకుల్లోనూ సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళకి బిడ్డలు పుడితే, ఆదివారం ఉదయం వాళ్ళని బిడ్డతో సహా ఇంటికి పిలిచేవాడు. స్నానాల గదిలో పీట వేసుకుని, కాళ్ళు చాపుకుని, బిడ్డని వాటి మీద బోర్లా పడుకోబెట్టి, నూనె రాసి, చెంబుతో నీళ్ళు పోసి చూపించేవాడు. మన ఆడవాళ్ళు వందల ఏళ్ళుగా చేస్తున్న పనే. మగవాడు అలా కూర్చోగా అంతకు ముందు నేను చూడలేదు. "చెవుల్లోకి నీళ్ళు పోకుండా చెయ్యి ఇట్ల అడ్డం పెట్టల్ల. భయపడద్దు, పసిబిడ్డ జారిపోయేంత నున్నగా ఏముండదు," అనేవాడు. ఆ తండ్రులు మొదట సెల్‌ఫోన్లో వీడియో తీసేవారు. "ఫోన్ పెట్టి చేతులు కడుక్కోండి, చేతులకి నేర్పల్ల," అనేవాడు. నీళ్ళు పోశాక ఎత్తుకోవడం పాఠం. దానికి ఆయన మాట ఒకటే: "ముందు తువ్వాలు, తర్వాత బిడ్డ."

ఒక ఆదివారం నేను పేపరు తిరిగి ఇద్దామని వెళ్ళాను. తలుపు తీసే ఉంది. స్నానాల గదిలో ఆయన కాళ్ళ మీద ఎవరి బిడ్డో. ఆ బిడ్డ తండ్రి పక్కన చెంబు పట్టుకుని నిలబడ్డాడు. ఆయన తలెత్తి నన్ను చూశాడు.

"రండి సార్. తండ్రి ఒక్క స్నానం జేస్తే చాలంట గదా. జేయిస్తా ఉండా," అన్నాడు.

పక్కనున్న కుర్రాడు అర్థంకాక నవ్వాడు. నేను పేపరు బల్ల మీద పెట్టి వచ్చేశాను. అది ఏదో మాటవరసకి అన్నాడని నాకు నేను చెప్పుకున్నాను. చాలా ఏళ్ళు చెప్పుకున్నాను. చదువుకున్నవాడికి తనకి తాను చెప్పుకోవడానికి మాటలు ఎక్కువ దొరుకుతాయి.

మా ఎంపీ వారానికి ఒక సాయంత్రం బ్లాకు కింద ఖాళీ చోట జనాన్ని కలుస్తాడు. ప్లాస్టిక్ కుర్చీలు, చీటీ మీద నంబరు, మన గోడు విని ఉత్తరం టైపు చేసిపెట్టే పిల్లలు. మా ఎదురింటాయన తన అమ్మాయి పుట్టినరోజు వచ్చిన వారంలో, ఏడాదికి ఒక్కసారి, అక్కడికి వెళ్ళేవాడు. చేతిలో ఒక నీలం ఫైలు. అడిగేది ఎప్పుడూ ఒకటే: తండ్రికి కూడా సెలవు చట్టంలో రాయండి. మొదట్లో అక్కడి వాళ్ళకి ఆయన ఒక వింత. తర్వాత అలవాటు. ఆ తర్వాత, నిజం చెప్పాలంటే, ప్రభుత్వమే ఆ ఆలోచనలోకి వచ్చింది. ఆయన ఉత్తరాల వల్లే వచ్చిందని ఆయనా అనలేదు, నేనూ అనను. ఈ దేశంలో పిల్లలు తక్కువ పుడుతున్నారన్న బెంగ వల్ల వచ్చిందనుకుంటాను. ఏమైతేనేం, తండ్రికి తనదంటూ ఒక వారం, ఆపైన తల్లి సెలవులోంచి ఇంకొక వారం పంచుకోవచ్చని చట్టం చేశారు. అప్పటికి వాళ్ళమ్మాయికి పద్నాలుగేళ్ళు.

ఆ ఏడు కూడా ఆయన ఫైలు పట్టుకుని బయల్దేరడం చూసి నాకు వింతగా అనిపించింది. ఊసుపోక నేనూ వెంట వెళ్ళాను. మా నంబరు వచ్చింది. బల్ల అవతల ఇరవై ఏళ్ళ చీనా పిల్ల.

"అంకుల్, మళ్ళీ వచ్చారా? చట్టం వచ్చేసింది కదా. మీ బేబీకి ఎన్నేళ్ళిప్పుడు?"

"పద్నాలుగు."

"మరి ఎవరి కోసం అంకుల్?"

"నెక్స్ట్ అంకుల్ కోసం," అన్నాడు. ఆ పిల్ల నవ్వి కీబోర్డు దగ్గరికి లాక్కుంది. ఆయన తనకి వచ్చిన ఇంగ్లీషులో నింపాదిగా చెప్పాడు. పంచుకోవడమంటే ఒక కుండలోంచి ఇద్దరూ వడ్డించుకోవడం. ఇప్పుడు చేసింది ఆవిడ కంచంలోది తీసి నా కంచంలో వెయ్యడం. ఆవిడకి అసలే కుట్లు ఆరలేదు, ఆవిడ రోజులు నాకెందుకు? పైగా ఆవిడ ఇస్తేనే నాకు. మళ్ళీ ఒకరి దయే. ఇద్దరికీ కలిపి వేరే కుండ పెట్టండి.

ఆ పిల్ల పాత కాగితాలు చూస్తానని ఫైలు తీసుకుంది. అన్నిటికంటే పైన ఉన్న కాగితం తీసి పైకి చదివింది. మా సంప్రదాయంలో తండ్రి ఒక్క స్నానంతో శుద్ధుడవుతాడు, తర్వాత పనికి రావచ్చు. కింద సంతకం ఉండవలసిన చోట కాగితం లేదు. కత్తెరతో నీటుగా, చదరంగా కోసేసి ఉంది.

"ఇది ఎవరు రాశారు అంకుల్?"

"చదువుకున్న పెద్దమనిషి ఒకాయన," అన్నాడు. నావైపు చూడలేదు.

పద్నాలుగేళ్ళ కిందట సెలవు కుదరదని చెప్పిన కాగితానికి నా ఉత్తరం నకలు జతచేసి ఆయనకి ఇచ్చారట. మొదటి రోజు నుంచీ ఆయనకి తెలుసు. నాలుగో రోజు ఆఫీసుకి వచ్చి నాకు గుడ్ మార్నింగ్ చెప్పినప్పుడు తెలుసు. వెల్లుల్లి కారం సీసా పంపినప్పుడు తెలుసు.

లిఫ్టులో ఇద్దరమే ఉన్నాం. "పేరెందుకు కత్తిరించావయ్యా?" అని అడిగాను.

"పేరుంటే అది మీ మీద ఫిర్యాదు అయితాది సార్. పేరు లేకపోతే చట్టం లేదనే ఫిర్యాదు. నాకు గావల్సింది రెండోది." మా అంతస్తు వచ్చింది. తలుపు తెరుచుకుంటుంటే ఇంకో మాట అన్నాడు. "దయకి మూడ్ ఉంటాది సార్. ఆ వారం మీకు మూడ్ లేదు, అంతే. చట్టానికి అది ఉండదు."

నేను చదివిన రాజనీతి గ్రంథాలన్నీ కలిపినా, చట్టం ఎందుకుండాలో నాకు అంత బాగా చెప్పలేదు. ఏళ్ళు గడిచి, పంచుకునే ఆ వారం నాలుగు వారాలైంది. అదీ తల్లి కంచంలోదే. ఆయన వెళ్తూనే ఉన్నాడు. ఈమధ్యే తల్లి సెలవు ముట్టుకోకుండా, ఇద్దరికీ కలిపి వేరే వారాలు పెట్టారు. ఆ వార్త వచ్చిన రోజు ఆయన నీలం ఫైలు తెచ్చి మా ఇంట్లో పాత పేపర్ల దొంతర మీద పెట్టాడు. "ఇంక దీంతో పన్లేదు సార్," అన్నాడు. ఆ ఫైలు ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

క్షమించమని అడగాలని మూడుసార్లు ప్రయత్నించాను. రెండుసార్లు మాట పక్కకి తప్పుకుంది. మూడోసారి ఆస్పత్రిలో. గుండె సగమే పనిచేస్తోందని చెప్పారు. నేను మంచం పక్కన కూర్చుని, "నీకొక మాట చెప్పాలి," అన్నాను. ఆయన చెయ్యి కొంచెం ఎత్తాడు.

"చెప్పద్దండి సార్. మీరు చెప్తే నేను పర్వాలేదు సార్ అనల్ల. అంటే మీకు తేలికైపోతాది. ఆవిడ రెండు వారాలు పడిన బాధకి పర్వాలేదనేదానికి నేనెవర్ని?" కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "మీరు బాగా రాస్తారు గదా. రాయండి. నలుగురూ చదవల్ల."

అన్నేళ్ళలో ఆయన గొంతులో కోపం విన్నది ఆ ఒక్కసారే. విన్నందుకు కృతజ్ఞుణ్ణి. లేకపోతే ఆయన్ని కూడా వాట్సాప్ గుంపు లాగా దేవుణ్ణి చేసి చేతులు దులుపుకునేవాణ్ణి.

అందుకే రాశాను. ఆ కాగితం మీద కత్తిరించిన చోట ఉండవలసిన పేరు, ఈ వ్యాసం రాసినవాడిదే.

బుధవారం మండాయిలో దహనం అయింది. కూతురే చేసింది. తిరిగి వచ్చి ఎవరింటికి వాళ్ళం స్నానాలకి వెళ్ళాం. నేను మా ఇంట్లో చేసి ఎదురింటికి వెళ్ళాను. ఆయన భార్య గోడకి ఆనుకుని చాప మీద కూర్చుని ఉంది. మా ఆవిడ వంటింట్లో గంజి కాస్తోంది. అల్లుడు మూడు నెలల పాపని ఎత్తుకుని నడుస్తున్నాడు. ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగు కుర్రాడు. భార్య తిరిగి ఉద్యోగంలో చేరింది, ఇప్పుడు సెలవు వారాలు ఇతనివి. మూడుసార్లు తట్టి ఒక్కసారి ఆపుతున్నాడు.

"అంకుల్, నేనింకా బాత్ చెయ్యలేదు. వైఫ్ ఇప్పుడే పడుకుంది. ఫైవ్ మినిట్స్ పట్టుకుంటారా?"

డెబ్బై ఎనిమిదేళ్ళ వయసులో నేను చేతులు చాచాను. కుర్రాడు పాపని ఇవ్వలేదు.

"టవల్ ఫస్ట్ లా, అంకుల్," అని తన భుజం మీది తెల్ల తువ్వాలు తీసి నా ఎడమ భుజం మీద వేసి సర్దాడు. తర్వాత పాపని దాని మీద ఆనించాడు. ఎక్కడ పట్టుకోవాలో నాకు తెలియలేదు. చాప మీద నుంచి ఆవిడ, ఏడ్చి బొంగురుపోయిన గొంతుతో, "మెడ కింద చెయ్యి పెట్టన్నా," అంది. పెట్టాను.

స్నానాల గది తలుపు మూసుకుంది. లోపల చెంబుతో నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు. నేను మూడుసార్లు తట్టి ఆపాను. మళ్ళీ మూడుసార్లు తట్టాను. పాప ఒకసారి ఒళ్ళు విరుచుకుంది. ఎడమ భుజం మీద తువ్వాలు వెచ్చగా తడిసింది. నేను కదలకుండా నిలబడ్డాను.